కట్టేసిన రెక్కలు, ఎత్తిన చేతులు: ప్రాచీన ఈజిప్టు కళలో ప్రతీకల అర్థం

1

కొంతకాలం కిందట ఒక సాహిత్య పాఠశాలలో నన్ను 'ప్రతీక' గురించి మాట్లాడమన్నారు. కవిత్వంలోని ప్రతీకల జోలికి పోయేముందు, ప్రతీకల మీదే నిలబడిన ఒక ప్రాచీన కళను చూపిస్తే యువ రచయితలకు విషయం తేలిగ్గా పట్టుబడుతుందనుకున్నాను. ప్రాచీన ఈజిప్టు శిల్పాల ఫొటోలు, చిత్రాల ఫొటోలు కొన్ని పట్టుకెళ్ళాను. నోటుపుస్తకంలో ఒక పట్టిక రాసుకున్నాను. అంఖ్ అంటే ప్రాణం. పేడపురుగు అంటే పుట్టుక, ఉదయించే సూర్యుడు. జెద్ స్తంభం అంటే స్థిరత్వం. డేగ అంటే రాజు. ఆకుపచ్చ చిగురింత, నలుపు ఒండ్రుమట్టి, ఎరుపు ఎడారి. గంటసేపు ఆ పట్టికనే ఒప్పజెప్పాను. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు.

చివర్లో వెనక వరసలోంచి డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, రాజుకు డేగ ఉంది. సూర్యుడికి పురుగు ఉంది. మరి జనానికి ఏ గుర్తు ఉంది?" అని అడిగింది.

నా పట్టికలో జనం లేరు. ఏదో సర్దిచెప్పి కూర్చున్నాను గాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' రాసినప్పుడు నైలు ఒడ్డున బతికిన మామూలు మనిషిని కూడా తలుచుకున్నాడు. ఆ గేయాన్ని కంఠస్థం చేసి సభల్లో చదివినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి ఈజిప్టు బొమ్మల్ని చూడగానే ఆ మనిషిని మరిచిపోయి, రాజుల గుర్తుల జాబితా ఎందుకు పట్టుకున్నాను? ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా చెబుతున్న జవాబు. నా పొరపాటును నేను సరిదిద్దుకోవడం కూడా.

2

నేను చేసిన మొదటి తప్పు ప్రతీకకు నిఘంటువు ఉంటుందనుకోవడం. ఈ తప్పుకు చాలా పెద్ద చరిత్రే ఉంది.

ఈజిప్టు బొమ్మల లిపిలో మనకు తెలిసిన చివరి శాసనం క్రీ.శ. 394లో ఫిలే ద్వీపంలోని గుడి గోడ మీద చెక్కారు. ఆ తరువాత ఆ లిపి చదవగలిగినవాళ్ళు లేకుండా పోయారు. అయిదో శతాబ్దం నాటి హొరపొల్లో పేరుతో ఒక గ్రీకు పుస్తకం మిగిలింది. ప్రతి బొమ్మకూ ఒక గూఢార్థం, ఆ అర్థానికి ఒక కారణం చెప్పే పుస్తకం అది. ఒక రకం బాతు బొమ్మ వేస్తే 'కొడుకు' అని అర్థం, ఎందుకంటే ఆ పక్షికి పిల్లలంటే ప్రాణం అంటుంది. అర్థం సరైనదే. ఆ బొమ్మ నిజంగానే 'కొడుకు' అన్న మాటను రాసేది. కారణం మాత్రం పూర్తిగా కల్పన. ఈజిప్టు భాషలో ఆ బాతు పేరులోని హల్లులూ, కొడుకు అనే మాటలోని హల్లులూ ఒకటే. అంతకు మించి అందులో మాతృప్రేమా లేదు, పితృప్రేమా లేదు.

మన భాషలోంచి ఒక పోలిక చెబుతాను. 'పాలు' అంటే ఆవు ఇచ్చేవీ పాలే, అన్నదమ్ములు పంచుకునే వాటాలూ పాలే. వాటా అని రాయడానికి ఎవరైనా పాలకుండ బొమ్మ గీశారనుకుందాం. వెయ్యేళ్ళ తరవాత తెలుగు తెలియని పండితుడొకడు వచ్చి, "ఈ జాతివారు ఆస్తిని తల్లిపాలంత పవిత్రంగా భావించారు" అని భాష్యం రాస్తే ఎలా ఉంటుంది? హొరపొల్లో చేసింది అదే. పదిహేడో శతాబ్దంలో కిర్షర్ అనే జెసూట్ పండితుడు అదే దారిలో నడిచి, రాజుల పేర్లూ బిరుదులూ చెక్కిన శాసనాల్లో దేవరహస్యాలు చదివాడు. 1822లో షాంపోలియన్ ఆ బొమ్మల్లో ధ్వనులూ ఉన్నాయని నిరూపించేదాకా ఆ లిపి నోరు విప్పలేదు. ప్రతి బొమ్మలోనూ మహత్తరమైన అర్థాన్ని వెతికినన్నాళ్ళూ మామూలు అర్థం కూడా దొరకలేదన్నమాట.

దీన్నిబట్టి ఈజిప్టు కళలో ప్రతీకలే లేవనుకుంటే అదీ పొరపాటే. వాళ్ళకు బొమ్మకూ వస్తువుకూ మధ్య మనం గీసే గీత అంత గట్టిది కాదు. పిరమిడ్ల లోపలి గదుల్లో చెక్కిన కొన్ని శాసనాల్లో పాము బొమ్మను రెండు ముక్కలుగా చెక్కేవారు, చనిపోయినవాణ్ణి అది కరవకూడదని. శిల్పికి వాళ్ళ భాషలో ఉన్న ఒక పేరుకు 'బతికించేవాడు' అని అర్థం. బొమ్మ అంటే ఒక బలం. ఆ బలం ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీద ప్రయోగించారు అన్నదే అసలు ప్రశ్న. నిఘంటువు ఈ ప్రశ్న అడగదు. విమర్శ అడగాలి.

3

ఈజిప్టు కళలో ప్రతీక అంటే ఏదో ఒక మూల వేసిన గుర్తు మాత్రమే కాదు. బొమ్మ నిర్మాణమే ఒక ప్రతీక.

నార్మర్ పలక సంగతి చూద్దాం. 1890ల చివర హీరకాన్‌పొలిస్‌లో తవ్వకాల్లో దొరికిన రాతిపలక అది. ఎత్తు 64 సెంటీమీటర్లకు మించదు. కాలం సుమారు క్రీ.పూ. 3100. ఒకవైపు తెల్ల కిరీటం పెట్టుకున్న రాజు, మోకరిల్లినవాడి జుట్టు ఎడమచేత పట్టుకుని కుడిచేత గద ఎత్తాడు. వెనక రాజు చెప్పులు పట్టుకుని ఒక సేవకుడు, రాజు నడుమెత్తు కూడా లేనివాడు. రెండోవైపు తలలు తెగిన పది శవాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఎవరి తల వారి కాళ్ళ మధ్య పెట్టారు. అడుగున ఒక ఎద్దు కోటగోడ కుమ్మి, ఒక మనిషిని తొక్కుతోంది. ఆ ఎద్దూ రాజే.

ఇందులో మనుషుల కొలతలు దూరాన్నిబట్టి మారవు, హోదానుబట్టి మారతాయి. పక్కపక్కనే నిలబడినా రాజు కొండంత, సేవకుడు పిడికెడంత. దీన్ని కళాకారుల అజ్ఞానమని పూర్వం కొందరు యూరపు పండితులు తేల్చేశారు. అజ్ఞానం కాదు, అది ఒక నియమం. తరవాతి కాలంలో నిలబడిన మనిషిని అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యేదాకా 18 గళ్ళలో కొలిచి గీసేవారు. ఎరుపు సిరాతో ఒకరు గీస్తే, నలుపు సిరాతో ఆచారి దిద్దేవాడు. ఆ ఎర్రగీతలు, దిద్దుబాట్లు పూర్తికాని సమాధుల గోడల మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

కాని ఒక చిత్రం ఉంది. ఈ గళ్ళ చట్రం యజమానికి వర్తించినంత కచ్చితంగా పనివాడికి వర్తించదు. సక్కారాలోని సమాధుల్లో చూడండి. యజమాని కదలడు మెదలడు. చేతికర్ర పట్టుకుని అనంతకాలం నిలబడి ఉంటాడు. ఆయన ముందు పొలంలో వంగినవాళ్ళు, పడవల మీద కొట్టుకునేవాళ్ళు, బట్టతలవాళ్ళు, మాసినగడ్డంవాళ్ళు, అవిటి కాపరులు కనిపిస్తారు. వాళ్ళ తలల పైన, వాళ్ళు ఒకరితో ఒకరు వేసుకునే కేకలు కూడా రాసి ఉంటాయి. మెరెరుకా సమాధిలో పన్ను బకాయిపడ్డ గ్రామాధికారుల్ని పట్టుకొచ్చి కొట్టే దృశ్యం ఉంది. ఆ దెబ్బలు తినేవాళ్ళ ఒంట్లో ఉన్న కదలిక యజమాని బొమ్మలో వెతికినా దొరకదు. నిశ్చలత్వం అక్కడ యజమానితనానికి ప్రతీక. కదలడం, వంగడం, అరవడం శ్రమకు గుర్తు. మరి మన కళ్ళకు ఈనాడు ప్రాణమున్నట్టు కనిపించేది ఎవరు? గీయించుకున్నవాడు కాదు, గీతలో పడ్డవాడు.

రంగులూ అంతే. మగవాళ్ళ ఒళ్ళు ఎర్రమట్టి రంగు, ఆడవాళ్ళ ఒళ్ళు పసుపు. ఎండలో తిరిగేవాడు, నీడపట్టున ఉండేది అని భేదం. పొలంలో పరిగె ఏరిన ఆడమనిషికీ ఎండ తగిలింది. ఆమె అసలు రంగేమిటో ఈ నియమం పట్టించుకోదు. నీడలో కూర్చోగల ఇంటి ఇల్లాలి రంగే స్త్రీ రంగైపోయింది.

గద ఎత్తిన రాజు బొమ్మ అక్కడితో ఆగలేదు. ఫారోలందరూ ఆ భంగిమలోనే నిలబడ్డారు. నార్మర్‌కు 3000 ఏళ్ళ తరవాత రోమన్ చక్రవర్తులు కూడా ఎస్నా గుడి గోడల మీద అలాగే గద ఎత్తారు. అది యుద్ధవార్త కాదనడానికి మంచి సాక్ష్యం ఉంది. సాహురే రాజు గుడిలో ఒక లిబియా నాయకుణ్ణి చంపుతుంటే అతని భార్యా కొడుకులూ పక్కన నిలబడి ఉంటారు, పేర్లతో సహా. సుమారు 200 ఏళ్ళ తరవాత రెండవ పెపి గుడిలో అదే కుటుంబం అవే పేర్లతో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. క్రీ.పూ. ఏడో శతాబ్దంలో తహర్కా గుడిలోనూ అంతే. ఎన్నిసార్లు చస్తాడు ఆ నాయకుడు? 'ఓడిన శత్రువు' అన్న ఉద్యోగం ఒకటుంది, అతని పేరు అందులో శాశ్వతంగా నమోదైపోయింది.

1922లో బయటపడ్డ టూటంఖామున్ సమాధిలోని చెప్పుల అడుగున, పాదాలు ఆనే చోట, బంధించిన శత్రువుల బొమ్మలున్నాయి. ఇరవై ఏళ్ళయినా నిండని, బహుశా యుద్ధమే ఎరగని ఆ కుర్రవాడు అడుగు తీసి అడుగు వేస్తే చాలు, విదేశీయులు నలిగిపోవాలి. ప్రతీక పాలకుడికి చేసే సేవ ఇది. గెలవకపోయినా గెలిచినట్టే ఉంటుంది.

4

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. జనానికి గుర్తు ఉంది. అది ఒక పక్షి.

ఈజిప్టు భాషలో రాజు కింద బతికే జనానికి ఉన్న పేర్లలో ఒకటి 'రెఖిత్'. ఆ మాట రాయడానికి వేసే బొమ్మ తల మీద తురాయి ఉన్న ఒక నీటి ఒడ్డు పక్షి. మన చెరువుగట్ల మీద, మళ్ళలో అరిచే తీతువు కుటుంబానికి చెందినదే. తురాయి ఒకటే తేడా. రెఖిత్ అంటే మొదట్లో ఉత్తరాన డెల్టాలో ఓడిపోయిన జనమని కొందరు పండితులంటారు. తరవాత తరవాత మొత్తం సామాన్య ప్రజకే ఆ పేరు నిలిచింది. ఓడినవాడి పేరు క్రమంగా ప్రజ పేరైందన్న ఊహే నిజమైతే, ఆ ఒక్క మాటలోనే రాజ్యం పుట్టిన కథంతా ఉంది.

ఈ పక్షిని వెంబడించి చూస్తే ప్రతీకకు చరిత్ర ఉంటుందన్న సంగతి కళ్ళకు కడుతుంది.

మొదటి మజిలీ, ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న తేలు రాజు గదశిరస్సు. ఇంచుమించు నార్మర్ కాలానిదే. రాజు చేతిలో పార పట్టుకుని కాలవ పనికి శంకుస్థాపన చేస్తున్నట్టు నిలబడ్డాడు. ఆయన తలపైన వరసగా ధ్వజస్తంభాలు. వాటినుంచి తాళ్ళు వేలాడుతున్నాయి. ఆ తాళ్ళకు మెడలు బిగిసి తీతువులు వేలాడుతున్నాయి. కింద రాజు ప్రజాహిత కార్యక్రమం, పైన ఉరితీసిన ప్రజ. ఒకే రాయి మీద రెండూ ఉన్నాయి.

రెండో మజిలీ, సక్కారాలో మెట్ల పిరమిడ్ కట్టించిన జోసెర్ రాజు విగ్రహపీఠం. విగ్రహం పోయింది, పాదాలూ పీఠమూ మిగిలాయి. పీఠం మీద పాదాల దగ్గర తొమ్మిది విల్లులు, మూడు తీతువులు. తొమ్మిది విల్లులు ఈజిప్టు శత్రువులందరికీ గుర్తు. శత్రువులతో పాటు సొంత ప్రజ కూడా పాదాల కిందే ఉంది. అదే పీఠం మీద నిర్మాత ఇమ్‌హొతెప్ పేరు కూడా చెక్కారు. చరిత్ర పుస్తకాలు ఆ పేరు గురించి పేజీలు రాస్తాయి. పక్కనున్న పక్షుల సంగతి తక్కువగా మాట్లాడతాయి.

ఆ పక్షి రెక్కలు గమనించండి. లిపిలో తరచుగా కనిపించే రూపంలో రెండు రెక్కలూ వీపుమీద ఒకదాంట్లోకి ఒకటి మెలివేసి ఉంటాయి. అలా మెలివేస్తే పక్షి నడవగలదు, తినగలదు, గుడ్డు పెట్టగలదు. ఎగరలేదు. మనకు 'పెడరెక్కలు విరిచి కట్టడం' అన్న మాట ఉంది. పక్షికి రెక్క, మనిషికి చెయ్యి అని వేరుచేయకుండా మన జనం రెంటికీ ఒకే మాట వాడారు. కూలివాడిది రెక్కల కష్టం. రెక్కాడితేగాని డొక్కాడదు. ఈజిప్టు లేఖకుడు బొమ్మలో చెప్పిందాన్ని తెలుగు పాలేరు మాటలో చెప్పాడు. ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నది కాదు ఇది. రెక్కలు కట్టేసిన బతుకు రెండుచోట్లా ఉంది గనక పోలిక కుదిరింది.

మూడో మజిలీయే అన్నిటికన్నా ముఖ్యమైనది. కొత్త రాజ్యమని పిలిచే కాలానికి, అంటే క్రీ.పూ. 1550 - 1070 నాటికి, ఈ పక్షికి మనిషి చేతులు మొలిచాయి. ఒక గిన్నె మీద తీతువు కూర్చుని ఉంటుంది. ముందుకు రెండు మనిషి చేతులు, దణ్ణం పెడుతున్నట్టు పైకెత్తి ఉంటాయి. ఎదురుగా ఒక చుక్క. గిన్నె 'అందరూ' అన్న మాట. చుక్క 'స్తుతించు' అన్న మాట. బొమ్మలన్నీ కలిపి చదివితే 'జనులందరూ స్తుతిస్తున్నారు'. గుడి స్తంభాల అడుగున, రాజభవనాల గోడల మీద ఈ పక్షి వరసలు వరసలుగా ఉంటుంది. సామాన్యులు ఆవరణలో ఎక్కడిదాకా రావచ్చో ఆ పక్షులు చెప్పేవని కొందరన్నారు. జనం రానక్కర్లేదు, వాళ్ళ బదులు పక్షులే అక్కడ నిత్యం దణ్ణం పెడుతుంటాయని మరికొందరన్నారు. రెండో మాట నిజమైతే మరీ భయంకరం. ప్రజ లేకుండానే ప్రజామోదం ఏర్పాటైపోయిందన్నమాట.

మెడకు ఉరితాడు, పాదాల కింద పీఠం, ఎత్తిన చేతులు. ఈ మూడింటినీ వరసగా పెట్టి చూడండి. పాలన మొదట చంపి చూపించుకుంటుంది. తరవాత తొక్కి చూపించుకుంటుంది. స్థిరపడ్డాక పొగిడించుకుని చూపించుకుంటుంది. పాత పద్ధతులు పోలేదు, గద ఎత్తిన రాజు పక్కగోడ మీద అలాగే ఉన్నాడు. కాని ఆ పక్షికి ఇచ్చిన చేతుల్ని చూస్తే పాలకుల భావజాలం ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. రెక్కలు విప్పకుండానే చేతులిచ్చారు. అవి పని చేయడానికి కావు, దణ్ణం పెట్టడానికి.

5

ఇంతవరకే చెప్పి ఆగితే నా వాదన సగమే అవుతుంది. ఆ పక్షిని గీసిందెవరు? రాజు గీయలేదు కదా.

లక్సర్ ఎదుట, నైలు పడమటి ఒడ్డున, కొండల నడుమ దేర్ ఎల్-మెదీనా అనే చిన్న ఊరు ఉంది. రాజుల లోయలో సమాధులు తొలిచి, చెక్కి, రంగులు వేసిన పనివాళ్ళు సుమారు నాలుగు వందల ఏళ్ళు తరతరాలుగా అక్కడ కాపురమున్నారు. జీతం ధాన్యంలో. మామూలు పనివాడికి నెలకు నాలుగు ఖార్ల గోధుమలు, ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఊళ్ళో నీళ్ళు లేవు, అవీ మోయించి తేవలసిందే. అంటే ధాన్యం ఆలస్యమైతే గింజ పుట్టదు.

మూడవ రామెసెస్ ఏలుబడి 29వ సంవత్సరంలో, సుమారు క్రీ.పూ. 1157లో, ధాన్యం రాలేదు. పద్ధెనిమిది రోజులు చూశారు. పనిముట్లు వదిలి, కాపలా గోడలు దాటి వెళ్ళి, ఒక గుడి వెనక కూర్చున్నారు. అధికారులు బతిమాలారు, ప్రమాణాలు చేశారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఆకలి వల్లా దాహం వల్లా వచ్చామన్నారు; బట్టలు లేవు, నూనె లేదు, చేపలు లేవు, కూరలు లేవు, ఈ సంగతి ఫారోకు రాయండన్నారు. బకాయి ధాన్యం వచ్చింది. మళ్ళీ ఆలస్యమైంది, మళ్ళీ కూర్చున్నారు. ఈ సంగతులన్నీ రాసిన పత్రం ఇటలీలోని టూరిన్ మ్యూజియంలో ఉంది. మనకు తెలిసినంతలో, రాతలో నమోదైన సమ్మెల్లో ఇదే మొదటిది.

ఆ మూడవ రామెసెస్సే కట్టించిన మెదీనత్ హాబు గుడి ఆ ఊరికి నడక దూరం. దాని గోడల మీద ఆయన శత్రువుల్ని ఊచకోత కోస్తున్నాడు. దాన్ని ఆనుకున్న రాజభవనానికి మెరుగు పలకలు అమర్చారు. ఆ పలకల మీద చేతులెత్తి స్తుతిస్తున్న తీతువులున్నాయి. ఒకే రాజు, ఒకే ప్రాంతం. భవనం గోడ మీద జనులందరూ స్తుతిస్తున్నారు. కొండ కింద జనులు కొందరు పని మానేసి కూర్చున్నారు. ప్రతీకకూ వాస్తవానికీ మధ్య ఎంత దూరమో కొలవాలంటే ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు దొరకలేదు.

ఆ ఊరి చెత్తకుప్పల్లో సున్నపురాతి పెచ్చులు వేలకొద్దీ దొరికాయి. పనివాళ్ళు వాటిమీద లెక్కలు రాశారు, ఉత్తరాలు రాశారు, బొమ్మలూ గీశారు. కుర్చీలో దర్జాగా ఒక ఎలుక. దాని ముందు వంగి పరిచర్య చేస్తున్న పిల్లి. బాతుల మందను కర్రతో తోలుతున్న పిల్లి. టూరిన్‌లోనే ఉన్న ఒక పటంలో ఎలుకల రాజు రథమెక్కి పిల్లుల కోటను ముట్టడిస్తాడు. గుడిగోడ మీద ఫారో రథమెక్కిన భంగిమే అది. పగలు ఏ చెయ్యి ఆ భంగిమను దైవభక్తితో గీసిందో, అలాంటి చెయ్యే తీరికవేళ దాన్ని ఎలుకకు తగిలించింది. ఇవి వట్టి పిల్లల కథల బొమ్మలని వాదించేవారున్నారు. కథలై ఉండవచ్చు, వాటి పక్కన రాత లేదు. కాని పిల్లి ఎలుకకు విసనకర్ర వీచే కథను ఏ ఊరివాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారో మనం ఊహించగలం.

6

ఇక్కడ ఒక మిత్రుడి అభ్యంతరం చెప్పాలి. ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి ఆయన, "అంతా పాలకుల కుట్రేనంటావా? అంఖ్ చేతికి కట్టుకున్న పేదరాలికి అది రాజ్యాధికారమా, ప్రాణం మీద ఆశా?" అన్నాడు.

ఈ మాటలో నిజం ఉంది. ప్రతి ప్రతీకనూ పాలకవర్గం ఖాతాలో రాసేయడం కూడా మరో నిఘంటువే. ఆ ఊరి ఇళ్ళలో పురిటి తల్లుల్ని కాపాడే మరుగుజ్జు దేవుడు బేస్ బొమ్మలున్నాయి. నాలుక వెళ్ళబెట్టిన, దొడ్డికాళ్ళ ఆ దేవుడు ఏ రాజులాగా ఉండడు. 1886లో బయటపడ్డ సెన్నెజెమ్ సమాధి ఆ ఊరి పనివాడిదే. గోడ మీద అతనూ భార్యా పరలోకపు పొలాల్లో దున్నుతున్నారు, కోస్తున్నారు. జీవితమంతా రాజుల సమాధులకు ధారపోసినవాడు తన సమాధిలో గీసుకున్న స్వర్గం, మనిషెత్తు పెరిగిన పైరు. అది ఎవరి భావజాలం? అతని ఆశే. దాన్ని నేను కొట్టిపారేయలేను.

అయితే ఆశను కూడా యజమాని నేర్పిన వ్యాకరణంలోనే గీశాడన్న సంగతి మరవకూడదు. పరలోకంలో పనికి పిలుపొస్తే బదులు వెళ్ళడానికి చిన్న బొమ్మల్ని సమాధుల్లో పెట్టేవారు. ఉన్నవాళ్ళ సమాధుల్లో ఏడాదికి సరిపడా 365 మంది పనివాళ్ళు, పదిమందికి ఒకడు చొప్పున 36 మంది మేస్త్రీలు, మేస్త్రీల చేతుల్లో కొరడాలు. కష్టం లేని స్వర్గాన్ని ఊహించుకున్నవాళ్ళు కొరడా లేని స్వర్గాన్ని ఊహించలేకపోయారు. ప్రతీక మనిషి ఆశకు రూపమిస్తుంది. ఆ ఆశకు గట్లు కూడా వేస్తుంది. రెండూ చూడనిదే విమర్శ పూర్తికాదు.

7

ఇదంతా మనకెందుకు?

మన కవితా సంకలనాల అట్టలు ఒకసారి వరసగా పేర్చి చూడండి. నేను చూశాను, అందులో నావీ ఉన్నాయి. ఎర్రసూర్యుడు, బిగిసిన పిడికిళ్ళు, కింద ముఖాలు లేని జనం. లోపల కవితల్లో జనం సముద్రం, జనం తుపాను, జనం నిప్పు. మొదటివాడు ఆ మాట అన్నప్పుడు దాని వెనక ఒక ఊరు, ఒక పోరాటం, చనిపోయిన మనుషులు ఉన్నారు. వందోవాడు అనేసరికి 18 గళ్ళు మిగిలాయి. ఎరుపుతో గీసేవాడు, నలుపుతో దిద్దేవాడు ఇద్దరూ మనలోనే ఉన్నారు.

నన్ను ఇబ్బందిపెడుతున్న ప్రశ్న ఇది. చేతులెత్తి స్తుతించే తీతువుకూ, చేతులెత్తి నినదించే మన ముఖంలేని జనానికీ తేడా ఎంత? ఉద్దేశాలు పూర్తిగా వేరన్నది నిజం. కాని ఉద్దేశం బొమ్మలో కనబడాలి కదా. ఆ పక్షి కూడా 'జనులందరూ' అనే చెబుతుంది. 'అందరూ' అన్నచోట ఏ ఒక్కరూ లేకపోతే, ఆ బొమ్మను రేపు ఎవరైనా ఎత్తుకుపోయి ఏ గోడ మీదైనా అతికించుకోగలరు. ఎన్నికల గోడల మీద పిడికిలి గుర్తులు చూసినవాళ్ళకు నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ప్రతీకల్ని మానేద్దామని నేననడం లేదు. ఎలుకను కుర్చీలో కూర్చోబెట్టిన పనివాడు మానేయలేదు. కుర్చీ ఎలా గీయాలో, వంగిన సేవకుడి వీపు ఎలా గీయాలో అతనికి చేతివాటంగా వచ్చు గనకనే దాన్ని తలకిందులు చేయగలిగాడు. వ్యాకరణం రానివాడు వ్యంగ్యం చేయలేడు. అయితే అతని హద్దు కూడా చూడాలి. ఎలుక కూర్చున్నా కుర్చీ కుర్చీగానే ఉంది. వంగినవాడి వీపు మారింది గాని వంగడం పోలేదు. తిరగేసిన ప్రతీకలో పాత ప్రతీక ఎముకలు మిగిలే ఉంటాయి.

ఆ ఊరివాళ్ళు ఆ హద్దు దాటినచోట ప్రతీకే లేదు. వాళ్ళు ఈజిప్టులోకెల్లా నేర్పరులైన ప్రతీకాకారులు. తమ కష్టం చెప్పుకోవలసి వచ్చినప్పుడు మాత్రం గుర్తులు వెతకలేదు. బట్టలు, నూనె, చేపలు, కూరలు అని పేరు పేరునా చెప్పారు. ఎన్ని రోజులైందో లెక్క చెప్పారు. లేఖకుడు దాన్ని అలాగే రాశాడు.

ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పుడైనా ఎదురైతే ఇలా చెబుతాను. జనానికి గుర్తు ఉందమ్మా, రెక్కలు కట్టేసిన తీతువు. దాన్ని గీయించినవాళ్ళు రాజులు, గీసినవాళ్ళు జనం. ఆ జనమే ఒకరోజు కుంచె కింద పెట్టి, గుడి వెనక కూర్చుని, తమకు రావలసిన ధాన్యం అడిగారు. ఆ పక్షి గురించి నువ్వు రాస్తే ఈ కూర్చోవడం గురించి కూడా రాయి.